చచ్చిన చెట్టు కింద దొరకని పురుగు



పొలంలో ఒక మొక్క వాడిపోయి చచ్చిపోతే మనం ముందు చేసే పని ఏంటి? దాన్ని పీకుతాం. వేరు అటూ ఇటూ తిప్పి చూస్తాం. ఏమీ కనపడకపోతే అదే మొక్కని కవర్లో పెట్టుకుని మందుల షాపుకి పోతాం. షాపాయన కూడా ఆ చచ్చిన మొక్కనే చూసి ఏదో ఒక డబ్బా చేతిలో పెడతాడు. అది పనిచేస్తే మన అదృష్టం, చెయ్యకపోతే ఇంకో డబ్బా.

ఇలా చచ్చిన చెట్టునే చూస్తూ ఐదేళ్ళపాటు తమ తోటల్ని తినేస్తున్న పురుగేదో తెలుసుకోలేకపోయిన రైతులున్నారు. వాళ్ళు చదువులేని వాళ్ళు కాదు, సేద్యం తెలియని వాళ్ళు కాదు. తరతరాలుగా ద్రాక్ష పండించిన ఫ్రాన్స్ దేశం వాళ్ళు. పురుగు దొరికే చోటు వాళ్ళ కాళ్ళ దగ్గరే ఉంది, పక్క చెట్టు కింద. అక్కడ తవ్వాలన్న ఆలోచన రావడానికే ఐదేళ్ళు పట్టింది.

ఈ రోజు ఆ కథ చెప్పుకుందాం. పోస్టు కాస్త పెద్దదే, తీరిగ్గా చదవండి. ద్రాక్ష వెయ్యని వాళ్ళు కూడా చదవండి. ఇది ద్రాక్ష గురించి కంటే పురుగుని గుర్తుపట్టడం గురించి.

ఫ్రాన్స్ దక్షిణాన రోన్ అనే పెద్ద నది ఉంది. దాని దగ్గర గార్ జిల్లాలో పూజో అని ఒక ఊరు. 1863లో ఆ ఊరి తోటల్లో కొన్ని ద్రాక్ష చెట్లు ఉన్నట్టుండి నీరసించాయి. నడి వేసవిలోనే ఆకులు పసుపు పచ్చగా మారడం, అంచులు ఎర్రబడడం, రాలాల్సిన కాలానికి ముందే రాలిపోవడం. మరుసటి ఏడు కొత్త కొమ్మలు పొట్టిగా వచ్చాయి, కాయ పండకుండా పుల్లగా ఉండిపోయింది. ఆ తర్వాతి ఏడు చెట్టే ఎండిపోయింది. పీకితే పెద్దగా బలం పెట్టకుండానే ఊడి వచ్చేది. చిన్న వేళ్ళు లేవు, పెద్ద వేళ్ళు నల్లగా కుళ్ళి, బెరడు చేత్తో ఒలిస్తే ఊడిపోయేలా ఉన్నాయి.

ఇంకో సంగతి గమనించారు. జబ్బు తోటంతా ఒకేసారి రాలేదు. ముందు తోట మధ్యలో ఒక చోట నాలుగైదు చెట్లు. మరుసటి ఏడు వాటి చుట్టూ ఒక వరస. ఆ పై ఏడు ఇంకో వరస. గుడ్డ మీద నూనె చుక్క పడితే గుండ్రంగా ఎలా పాకుతుందో అలా. అందుకే అక్కడి వాళ్ళు దాన్ని నూనె మరక అనేవాళ్ళు. ఈ నూనె మరక మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

1867లో ఆర్ల్ పట్టణంలో ఉండే డెలోర్మ్ అనే పశువుల డాక్టరు ఈ లక్షణాలన్నీ వరసగా రాసి పెద్దలకి ఉత్తరం పంపాడు. అప్పటికే రోన్ నదికి రెండు వైపులా తోటలు పోతున్నాయి.

మరి కారణం ఏంటన్నారు? చలి ఎక్కువైందన్నారు. వానలు తగ్గాయన్నారు. ఒకే నేలలో వందల ఏళ్ళుగా ఒకే పంట వేసి భూమిలో సారం పోయిందన్నారు. కొమ్మ కత్తిరింపులు మితిమీరి చెట్లు ముసలివైపోయాయన్నారు. దేవుడి కోపం అన్నవాళ్ళూ ఉన్నారు. ఇవన్నీ మనకి కొత్త మాటలేం కాదు. కారణం కనపడనప్పుడు ఏ దేశంలోనైనా రైతు నోటి వెంట వచ్చే మాటలే. పురుగేమో అని అనుమానించి చచ్చిన చెట్లని తవ్వి చూసిన వాళ్ళూ ఉన్నారు. కుళ్ళిన వేళ్ళు తప్ప ఏమీ దొరకలేదు. దాంతో పురుగు కాదులే అని ఖాయం చేసుకున్నారు.

1868 జులైలో మోంపెల్యే పట్టణం నుంచి ముగ్గురు మనుషులు వచ్చారు. అక్కడి ఎరో జిల్లా వ్యవసాయ సంఘం వాళ్ళని పంపింది. ఒకాయన గాస్తోన్ బజీల్, తోటల యజమాని, ఆ సంఘం పెద్ద. రెండో ఆయన ఫెలిక్స్ సాయు, నర్సరీ నడిపేవాడు. మూడో ఆయన జూల్ ఎమీల్ ప్లాంషోన్, చెట్ల శాస్త్రం చెప్పే ప్రొఫెసరు. జులై 15న సాన్ రెమీ అనే ఊరి దగ్గర లాగోయ్ అనే ఎస్టేటులో తవ్వడం మొదలుపెట్టారు.

మొదట వాళ్ళూ అందరిలాగే చచ్చిన చెట్లు తవ్వారు. ఏమీ లేదు. ఆ తర్వాత చావుకి దగ్గరగా ఉన్నా ఇంకా పచ్చదనం మిగిలిన చెట్టు దగ్గర గునపం వేశారు. ఆ వేళ్ళని భూతద్దంతో చూస్తే పసుపు పూసినట్టు ఉంది. ఆ పసుపు కదులుతోంది. ఒకటీ రెండూ కాదు, గుంపులు గుంపులుగా చిన్న పురుగులు వేరుకి మూతి గుచ్చి కూర్చున్నాయి. ఆ పక్కన చూడడానికి నిక్షేపంగా ఉన్న చెట్టు వేరు తవ్వితే అక్కడా ఉన్నాయి. పైకి ఏ జబ్బూ లేని చెట్టు అది.

అంటే అసలు సంగతి ఏంటంటే, ఆ పురుగు బతికున్న వేరు రసం తాగి బతికేది. వేరు కుళ్ళిపోయాక దానికి అక్కడ తిండి లేదు. చెట్టు చచ్చేలోపే పిల్ల పురుగులు నేల పగుళ్ళలో నుంచి, వేళ్ళ వెంట, కొన్ని నేల పైకొచ్చి నడుచుకుంటూ పక్క చెట్టుకి పోతాయి. మనిషి తవ్వే సమయానికి ఇల్లు ఖాళీ. ఐదేళ్ళుగా జనం ఖాళీ ఇంటినే వెతికారు.

ఇప్పుడు ఆ పురుగు ఎలా ఉంటుందో వివరంగా చెప్పుకుందాం. ఇది మన పేనుబంకకి దగ్గరి చుట్టం. అప్పట్లో దాన్ని వేరు పేను అనే పిలిచారు. ప్లాంషోన్ దానికి మొదట పెట్టిన శాస్త్రీయ నామం రైజాఫిస్ వాస్టాట్రిక్స్. రైజా అంటే వేరు, ఆఫిస్ అంటే పేనుబంక, వాస్టాట్రిక్స్ అంటే నాశనం చేసేది. తర్వాత పరిశీలనగా చూస్తే పేనుబంకకీ దీనికీ తేడాలు కనపడ్డాయి, అప్పుడు ఫైలాక్సెరా అని మార్చారు. ఈ రోజుకీ వాడుకలో ఆ పేరే ఉంది.

పరిమాణం: వేరు మీద ఉండే పెద్ద ఆడపురుగు దాదాపు ఒక మిల్లీమీటరు. గసగసాల గింజంత అనుకోండి. రెక్కలు ఉండవు. ఒళ్ళు గుండ్రంగా ఉండి వెనక వైపు కాస్త సన్నబడుతుంది. వీపు మీద చిన్న చిన్న బొడిపెలు.

రంగు: నిమ్మపండు పసుపు, ఒక్కోసారి ఆకుపచ్చ కలిసిన పసుపు. చలికాలంలో వేరు మీద నిద్రపోయే పిల్లలు మాత్రం గోధుమ రంగులో ఉంటాయి, బెరడు రంగులో కలిసిపోతాయి. చలికాలంలో తవ్వినవాడికి కనపడకపోవడానికి అదీ ఒక కారణం.

మూతి: సూది లాంటి పొడుగాటి మూతి ఒంటి కిందకి మడిచి ఉంటుంది. దాన్ని వేరులోకి దింపి కదలకుండా కూర్చుంటుంది.

మీసాలు: పొట్టివి, మూడే కణుపులు. మన పేనుబంక మీసాలు పొడుగ్గా, ఎక్కువ కణుపులతో ఉంటాయి.

గొట్టాలు: ఇది ముఖ్యం. పత్తి మీదో మిరప మీదో పేనుబంకని భూతద్దంలో చూడండి. వెనక భాగంలో ట్రాక్టరు సైలెన్సర్ లాగా రెండు చిన్న గొట్టాలు కనపడతాయి. పేనుబంకని గుర్తుపట్టే మొదటి గుర్తు అదే. ఫైలాక్సెరాకి ఆ గొట్టాలు లేవు.

పిల్లలు: మన దగ్గర పేనుబంక గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్ని ఈనుతుంది. ఫైలాక్సెరా ఎప్పుడూ గుడ్లే పెడుతుంది. వేరు మీద తల్లి చుట్టూ పసుపు గుడ్లు కుప్పగా ఉంటాయి. మగ పురుగుతో పని లేకుండానే ఆడవి గుడ్లు పెట్టడం మాత్రం రెండింటికీ ఉంది. అందుకే ఒక్క పురుగు చాలు, తోట నింపడానికి.

బంక: మన పేనుబంక తేనె లాంటి జిగురు వదులుతుంది. దానికోసం చీమలు చేరతాయి, ఆకుల మీద నల్లగా మసి పడుతుంది. పురుగు కనపడకపోయినా చీమల్ని చూసి మనం పట్టేస్తాం. ఫైలాక్సెరా జిగురు వదలదు. చీమ లేదు, మసి లేదు. నేల కింద చప్పుడు లేకుండా పని చేసుకుపోతుంది.

ఇక వేరు మీద అది వదిలే గుర్తు. సన్నటి వేరు కొన దగ్గర పురుగు మూతి గుచ్చితే ఆ కొన ఉబ్బి, పక్షి ముక్కులా వంకర తిరుగుతుంది. ముదురు వేరు మీద గుచ్చితే బుడిపెలా లేస్తుంది. ఆ బుడిపె తర్వాత పగులుతుంది, ఆ పగుల్లోంచి నేలలోని బూజు లోపలికి దూరి వేరుని కుళ్ళబెడుతుంది. చెట్టుని చివరికి చంపేది ఆ కుళ్ళు. చూసేవాడికి కుళ్ళే కనపడుతుంది, దానికి దారి తీసిన పురుగు కనపడదు. మన టమాటా, బెండ వేళ్ళ మీద నులిపురుగు బుడిపెలు మీరు చూసే ఉంటారు. అవి చూడ్డానికి ఇలాగే ఉంటాయి కానీ నులిపురుగు బుడిపె లోపల ఉంటుంది, కంటికి ఆనదు. ఫైలాక్సెరా వేరు పైనే కూర్చుంటుంది, భూతద్దం ఉంటే కనపడుతుంది.

సరే, పురుగు దొరికింది. అది ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడ కథ ఇంకో మలుపు తిరుగుతుంది.

ఫ్రాన్స్‌లో పురుగు దొరకడానికి సుమారు 14 ఏళ్ళ ముందే అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు కీటక శాస్త్రవేత్త ఏసా ఫిచ్ ఒక పురుగు గురించి రాశాడు. అక్కడి అడవి ద్రాక్ష ఆకుల కింద వైపు బఠాణీ గింజంత కాయలు వేలాడుతుంటాయి. ఆ కాయ కోస్తే లోపల పసుపు పురుగు, చుట్టూ వందల గుడ్లు. ఆయన దానికి ఒక పేరు పెట్టాడు. 1863లో లండన్ దగ్గర ఒక అద్దాల ఇంట్లో పెంచే ద్రాక్ష ఆకుల మీద అలాంటి కాయలే కనపడితే, ఆక్స్‌ఫర్డ్‌లోని వెస్ట్‌వుడ్ అనే ప్రొఫెసరుకి పంపారు. ఆయన ఇంకో పేరు పెట్టాడు. 1866లో అమెరికాలోనే షైమర్ అనే ఆయన మరో పేరు పెట్టాడు. 1868లో ప్లాంషోన్ వేరు మీద పురుగుకి ఇంకో పేరు పెట్టాడు.

నాలుగు పేర్లు. పురుగు మాత్రం ఒకటే.

ఎందుకిలా అయింది? ఈ పురుగు ఒకే రూపంలో ఉండదు కాబట్టి. వేరు మీద ఒక రూపం. ఆకు కాయలో ఇంకో రూపం, అది మరింత గుండ్రంగా ఉంటుంది. వేసవి చివర్లో వేరు మీద పిల్లల్లో కొన్నిటికి రెక్కలొస్తాయి, అవి నేల పైకొచ్చి గాలిలో ఎగురుతాయి. ఆ రెక్కలు పేనుబంకలా ఇంటి కప్పులాగా నిలబడవు, వీపు మీద బల్లపరుపుగా పడుకుంటాయి. ఆ రెక్కల పురుగులు పెట్టే గుడ్ల నుంచి వచ్చే ఆడా మగా పురుగులకి అసలు మూతే ఉండదు. అవి ఏమీ తినవు. జతకట్టి, ఆడది బెరడు సందులో ఒకే ఒక్క గుడ్డు పెట్టి చచ్చిపోతుంది. ఆ గుడ్డు చలికాలం గడిపి వసంతంలో పగులుతుంది, ఆ పిల్ల ఆకు మీదకి పోయి కాయ చేస్తుంది.

అమెరికా చెట్లకి ఆకు మీద కాయలు బాగా వస్తాయి, వేరుకి పెద్ద దెబ్బ ఉండదు. ఫ్రాన్స్ చెట్లకి ఆకు మీద కాయలు చాలా అరుదు, వేరే సర్వనాశనం. అందుకని అమెరికా వాళ్ళు ఆకు పురుగనుకున్నారు, ఫ్రాన్స్ వాళ్ళు వేరు పురుగనుకున్నారు. ఎవరి కంటికి కనపడిన ముక్కని వాళ్ళు మొత్తం అనుకున్నారు. గుడ్డివాళ్ళు ఏనుగుని తడిమిన కథ మనకి తెలిసిందేగా, అచ్చం అదే.

1869లో ప్లాంషోన్, ఆయన బంధువు లిక్టెన్‌స్టైన్ కలిసి ఫ్రాన్స్‌లోనే ఒక చోట ఆకు కాయలు పట్టుకున్నారు. ఆ కాయల్లోని పిల్లల్ని వేళ్ళ మీదకి చేర్చి చూశారు. అవి అక్కడ బతికాయి. అటు అమెరికాలో మిసోరి రాష్ట్రపు కీటక శాస్త్రవేత్త చార్లెస్ రైలీ 1870, 71 ప్రాంతంలో రెండు దేశాల పురుగుల్నీ పోల్చి, అక్కడి చెట్ల వేళ్ళు కూడా తవ్వి, రెండూ ఒకటేనని తేల్చాడు. 1871లో ఆయన స్వయంగా ఫ్రాన్స్ వచ్చాడు. 1873లో ప్లాంషోన్ అమెరికా వెళ్ళాడు. ఈ రోజు ఆ పురుగు శాస్త్రీయ నామం డాక్టులోస్ఫైరా విటిఫోలియే. అందులో మొదటి ముక్క షైమర్ పెట్టింది, రెండో ముక్క ఫిచ్ పెట్టింది.

ఒకటేనని తేలడం వల్ల ఏం ఒరిగిందంటారా? అంతా ఒరిగింది. పురుగు అమెరికాదని తెలిసింది. మరి అమెరికా పురుగు ఫ్రాన్స్ ఎలా చేరింది? అంతకు ముందు 1850లలో ఫ్రాన్స్ తోటల్ని బూడిద తెగులు పీడించింది. గంధకం పొడి చల్లి దాన్ని అదుపు చేశారు, ఈ రోజుకీ మన ద్రాక్ష రైతులు వాడేది అదే గంధకం. బూడిద తెగులుకి అమెరికా రకాలు బాగా తట్టుకుంటాయని తెలిసి, జనం అక్కడి నుంచి వేళ్ళతో సహా మొక్కలు తెప్పించారు. ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణం తగ్గడంతో వేరు మీద పురుగు కూడా బతికే దిగింది. పూజోకి దగ్గర్లోనే రోక్మోర్ అనే ఊళ్ళో ఒక వైన్ వ్యాపారి 1862లో న్యూయార్క్ నుంచి తెప్పించిన మొక్కలు నాటాడు. ఆ చుట్టుపక్కలే మొదటి చావులు మొదలయ్యాయి. ఒక తెగులుకి మందు వెతుక్కుంటూ పోయి దానికంటే పెద్ద పురుగుని తెచ్చుకున్నారు.

ఇంత జరిగాక అందరూ ఒప్పుకున్నారా? లేదు. పారిస్‌లో పేరున్న కీటక శాస్త్రవేత్త సిన్యోరే లాంటి పెద్దలు అడ్డం తిరిగారు. చెట్టు ముందే బలహీనపడింది, బలహీనపడిన చెట్టుకి పురుగు చేరింది, పురుగు ఫలితమే గానీ కారణం కాదు అన్నారు. ఈ వాదన ఏళ్ళ తరబడి నడిచింది. దానికి జవాబు ప్లాంషోన్ మొదటి రోజు తవ్విన గుంతలోనే ఉంది. పైకి ఏ జబ్బూ లేని చెట్టు వేరు మీద కూడా పురుగు ఉంది. అంటే పురుగే ముందొచ్చింది, జబ్బు తర్వాత వచ్చింది. కానీ పేరున్నవాళ్ళు కుర్చీలో కూర్చుని వాదిస్తుంటే, తవ్వినవాళ్ళ మాట నెగ్గడానికి టైం పట్టింది. ఆ టైంలో నూనె మరక పాకుతూనే ఉంది.

ప్రభుత్వం 1870లో మందు కనిపెట్టిన వాళ్ళకి 20 వేల ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. 1874లో దాన్ని 3 లక్షలు చేసింది. వందల కొద్దీ సలహాలు వచ్చిపడ్డాయి. చెట్టు మొదట్లో బతికున్న కప్పని పాతిపెట్టమన్నవాడు కూడా ఉన్నాడు. నవ్వొస్తుంది కానీ, తోట పోతున్న రైతు కప్పనైనా పాతుతాడు. మన దగ్గర కూడా తెగులు ముదిరిన ఏడు ఎవరేది చెబితే అది కొడతాం కదా.

వాటిలో నిజంగా కొంత పనిచేసినవి మూడు. ఒకటి కార్బన్ డైసల్ఫైడ్ అనే ద్రవం. పెద్ద సూది లాంటి పరికరంతో నేలలోకి ఎక్కిస్తే ఆవిరై పురుగుని చంపేది. మోతాదు ఎక్కువైతే చెట్టునీ చంపేది. నిప్పు తగిలితే భగ్గుమనేది, పీల్చే మనిషికీ విషమే. పైగా మళ్ళీ మళ్ళీ పెట్టాలి. రెండోది నీళ్ళు కట్టడం. ఫోకోన్ అనే రైతు కోత అయ్యాక తోటని వరి మడిలా నింపి, దాదాపు 40 రోజులు నీళ్ళు నిలిపి పురుగుని ఊపిరాడకుండా చేశాడు. బాగా పనిచేసింది, కానీ చదును నేల, పుష్కలంగా నీళ్ళు ఉన్నవాడికే అది. మూడోది ఇసుక. సముద్రం ఒడ్డున ఏగ్ మోర్త్ ప్రాంతంలో మెత్తటి ఇసుక నేలల్లో ద్రాక్ష చావలేదు. ఇసుకలో పగుళ్ళు నిలవవు, పురుగు ఒక వేరు నుంచి ఇంకో వేరుకి నడవలేదు. పనికిరాదనుకున్న ఇసుక నేలకి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది.

రైలీ 1873లో ఈ పురుగుని తినే ఒక నల్లిని కూడా అమెరికా నుంచి ఫ్రాన్స్ పంపాడు. అది అక్కడ బతికింది గానీ ఫైలాక్సెరాని తగ్గించలేకపోయింది. మిత్రపురుగుని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపిన తొలి ప్రయత్నాల్లో అదొకటి.

ఇవేవీ మామూలు రైతుకి తోట నిలబెట్టలేదు. నిలబెట్టింది పురుగు పుట్టిల్లు తెలియడం. అమెరికా చెట్లు ఆ పురుగుతో వేల ఏళ్ళుగా కలిసి బతికాయి. వాటి వేరుకి పురుగు గుచ్చితే, గాయం కింద చెట్టు గట్టి బెరడు పొర కట్టుకుంటుంది. కుళ్ళు లోపలికి పోదు. అయితే అమెరికా చెట్టుకే కాసే కాయతో చేసిన వైన్ ఫ్రాన్స్ వాళ్ళ నోటికి ఎక్కలేదు. మరి ఏం చెయ్యాలి? వేరు అమెరికాది, పైన కొమ్మ ఫ్రాన్స్‌ది. అంటు కట్టడం. బోర్డో ప్రాంతపు లాలిమాన్ తన తోటలో అమెరికా చెట్లు చావకుండా నిలబడ్డాయని 1869లో బోన్ పట్టణంలో జరిగిన సభలో చెప్పాడు. ఆ రోజు గునపం పట్టిన ముగ్గురిలో ఒకడైన గాస్తోన్ బజీల్ అంటు కడదామన్నాడు.

దీనికీ గొడవే. మన మట్టికి పరాయి వేరా అన్నారు. బర్గండీ ప్రాంతంలో 1887 దాకా అమెరికా మొక్కలు నాటడమే నిషేధం. నాటిన చోట కూడా అన్నీ కుదరలేదు. సున్నం ఎక్కువున్న తెల్ల నేలల్లో ఈ వేరు మొక్కలు పసుపెక్కి చచ్చాయి. 1887లో పియేర్ వియాలా అనే ప్రొఫెసరు సున్నపు నేలకి తట్టుకునే అడవి ద్రాక్ష కోసం అమెరికా వెళ్ళాడు. టెక్సస్‌లో డెనిసన్ అనే ఊళ్ళో ఉండే నర్సరీ రైతు మన్సన్ ఆయనకి దారి చూపాడు. అక్కడి సున్నపు కొండల మీద పెరిగే బెర్లాండియెరి జాతిని కలిపి కొత్త రూట్‌స్టాకులు తయారయ్యాయి. 1888లో ఫ్రాన్స్ ప్రభుత్వం మన్సన్‌కి వ్యవసాయ బిరుదు ఇచ్చింది. మహారాష్ట్ర, కర్ణాటకతో పాటు మన ద్రాక్ష తోటల్లో కూడా వాడే డాగ్‌రిడ్జ్ రూట్‌స్టాక్ పుట్టింది ఆ టెక్సస్ నేలల్లోనే. మనం దాన్ని వాడేది ఉప్పు నీళ్ళకీ నీటి ఎద్దడికీ తట్టుకుంటుందని. కానీ ద్రాక్షకి వేరొకటి కొమ్మొకటిగా తోటలు తోటలే వెయ్యడం లోకానికి అలవాటు చేసింది మాత్రం ఈ గసగసాల గింజంత పురుగే.

నష్టం ఎంతో ఒక లెక్కతో చెప్తాను. 1875లో ఫ్రాన్స్ 845 కోట్ల లీటర్ల వైన్ తీసింది. 1889కి అది 234 కోట్ల లీటర్లకి పడిపోయింది. నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ మిగిలింది, అంతే. ఎండు ద్రాక్ష నానబెట్టి దొంగ వైన్ చేసి అమ్మారు. చిన్న రైతులు తోటలు వదిలి పట్నాలకి, కొందరు సముద్రం దాటి అల్జీరియాకి పోయారు. పురుగు మిగతా యూరప్‌కీ ఆస్ట్రేలియాకీ పాకింది. 1878లో బెర్న్ నగరంలో కొన్ని దేశాలు కూర్చుని, మొక్కల్ని హద్దులు దాటించడం మీద ఒప్పందం రాసుకున్నాయి. మొక్కల పురుగు కోసం దేశాలు చేసుకున్న మొదటి ఒప్పందం అది. ఈ రోజు విమానాశ్రయాల్లో మీ సంచిలో మొక్కుంటే ఆపుతారే, దాని వేరు అక్కడుంది.

పురుగు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఫ్రాన్స్ నేలల్లో ఉంది. చెట్టు వేరు మార్చారు కాబట్టి చెట్టు బతుకుతోంది. దీన్ని మర్చిపోయినవాళ్ళు మళ్ళీ దెబ్బతిన్నారు. అమెరికాలోనే కాలిఫోర్నియాలో ఏఎక్స్ఆర్1 అనే రూట్‌స్టాక్ మీద వేల ఎకరాలు వేశారు. దానికి తల్లో తండ్రో ఒకటి యూరప్ ద్రాక్షే, తట్టుకునే శక్తి సగమే. దిగుబడి బాగుందని అదే వేశారు. 1980లలో ఆ తోటలు కూలడం మొదలైంది, వేల ఎకరాలు పీకి మళ్ళీ నాటుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మన పొలానికి వద్దాం. ఈ కథ నుంచి నేను తీసుకున్నవి నాలుగు.

ఒకటి. చచ్చిన మొక్క దగ్గర ఆగొద్దు. మరక అంచుకి పోండి. వాడడం మొదలైన మొక్క ఒకటి, దాని పక్కన బాగున్న మొక్క ఒకటి, రెండూ వేరు తెగకుండా మట్టితో సహా తవ్వి చూడండి. వేరుశనగలో వేరుపురుగు కూడా ఇంతే, ఎండిన మొక్క కింద ఉండదు, సాలు వెంట పక్క మొక్కకి పోయి ఉంటుంది. షాపుకి తీసుకుపోయినా, ఆఫీసరుకి చూపించినా, ఎండిన మొక్కతో పాటు ఈ రెండూ పట్టుకుపోండి.

రెండు. మొక్కలు చచ్చే తీరు చూడండి. గుండ్రంగా ఏటేటా పెరుగుతోందా, సాలు వెంట పోతోందా, నీళ్ళు నిలిచే చోటే ఉందా, పొలమంతా ఒకేసారా? తెల్ల కాగితం మీద పొలం గీసి, చచ్చిన చోట్ల చుక్కలు పెట్టి, వారం వారం తేదీతో చూసుకుంటే సగం సంగతి అదే చెప్తుంది.

మూడు. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి జేబులో పెట్టుకోండి. పురుగు డబ్బా ఖర్చు ముందు దాని ఖర్చు లెక్కలోది కాదు. వెనక గొట్టాలు ఉన్నాయా, గుడ్లు ఉన్నాయా పిల్లలు ఉన్నాయా, రెక్కలు ఎలా ముడిచింది, చీమలు ఉన్నాయా, ఈ నాలుగు చూసినా షాపాయనతో గట్టిగా మాట్లాడగలుగుతారు. ఆకు మీద ఒక రూపం చూసి అదే పురుగు మొత్తం అనుకోవద్దు, వేరు కూడా చూడండి.

నాలుగు. ఎక్కడి నుంచో మంచి రకం అని మొక్క తెచ్చుకునేటప్పుడు దాని వేరుతో, మట్టితో ఇంకేం వస్తోందో చూడండి. తెచ్చిన మొక్కని నేరుగా తోట మధ్యలో పెట్టకుండా కొన్నాళ్ళు దూరంగా ఉంచి గమనించండి. రోక్మోర్‌లో నాటింది ఒక చిన్న తోటే. పోయింది దేశంలోని తోటలు.

ఈ వారం మీ పొలంలో ఎక్కడైనా మొక్కలు గుంపుగా ఎండుతుంటే, అంచున ఉన్న బతికున్న మొక్క వేరు తవ్వి, దగ్గరగా ఫోటో తీసి కింద పెట్టండి. ఏ పంట, ఎన్ని రోజుల పైరు, నేల ఎలాంటిది, ఎప్పటి నుంచి ఎండుతోంది, ఈ నాలుగు ముక్కలు తప్పకుండా రాయండి. తెలిసినవాళ్ళు చెప్తారు, మిగతావాళ్ళం నేర్చుకుంటాం.